అమోనియా నుంచి ఇంధనం: సంఘాలు ముందుగా వేసుకోవలసిన లెక్క



గత నెలలో పర్చూరు వైపు ఒక పాల ఉత్పత్తిదారుల సంఘం పుస్తకాలు తనిఖీ చేయడానికి వెళ్ళాము. నగదు పుస్తకం, పాల కొలత రిజిస్టరు, వెన్న పరీక్షల రిజిస్టరు అన్నీ సక్రమంగానే ఉన్నవి. తీర్మానాల పుస్తకం తెరిచేసరికి చివరి పేజీలో పెన్సిలుతో రాసిన ముసాయిదా ఒకటి కనబడింది. ‘‘అమోనియాతో నడిచే హైడ్రోజన్ జనరేటరు’’ ఒకటి 14 లక్షల రూపాయలకు తెప్పించుకోవాలని, భవన నిధి నుంచి 4 లక్షలు అడ్వాన్సుగా చెల్లించాలని, మిగతాది వాయిదాల మీద కట్టాలని అందులో ఉంది.

విచారించగా, టౌను నుంచి ఒక ఏజెంటు వచ్చి రంగుల కాగితాలు చూపించి వెళ్ళాడని తెలిసింది. కరెంటు పోయినప్పుడు బల్కు కూలరు నడపడానికి ఇక డీజిలు అక్కరలేదట. కాకినాడలో పెద్ద అమోనియా ఫ్యాక్టరీ వస్తున్నది గనుక రేపు అమోనియా నీళ్ళ ధరకే దొరుకుతుందట. కార్యదర్శి కుర్రవాడు, చదువుకొన్నవాడు, పత్రికలు చూస్తాడు. ‘‘ప్రపంచమంతా దీనివైపే పోతున్నది గదా సార్’’ అన్నాడు. అధ్యక్షులవారు ఎటూ చెప్పలేక మా వైపు చూశారు. పాలు పోయడానికి వచ్చి, క్యాను పక్కన పెట్టి వింటున్న ఒక పెద్దావిడ మాత్రం సూటిగా అడిగింది: ‘‘ఆ నాలుగు లక్షలు మా రెండేళ్ళ బోనసు ఆపి వేసిన డబ్బే గదా నాయనా?’’

ఆ సంఘంలో మేము చెప్పిన మాటలనే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాము. ఇటువంటి కాగితాలు పట్టుకొని తిరిగేవారు మిగతా ఊళ్ళకు కూడా వస్తారు. కార్యదర్శి చెప్పింది అబద్ధమూ కాదు, ఏజెంటు చెప్పిందంతా నిజమూ కాదు. రెంటికీ నడుమ కొంచెం లెక్క ఉంది.

అమోనియా మనకు కొత్తది కాదు

వానాకాలం యూరియా బస్తా విప్పితే ముక్కుకు తగిలే ఘాటు అమోనియాదే. గేదెల కొట్టంలో తెల్లవారుజామున మూత్రపు వాసనగా వచ్చేదీ అదే. వరిగడ్డిని యూరియాతో మాగబెట్టే పద్ధతి మన సభ్యులలో చాలామందికి తెలుసు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీళ్ళలో కలిపి చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచుతాము. ఆ మూడు వారాలలో యూరియా అమోనియాగా మారి గడ్డి పీచును సడలిస్తుంది. మాంసకృత్తుల శాతం దాదాపు రెట్టింపు అవుతుంది. గుంటూరు చుట్టుపక్కల వందకు పైబడి ఉన్న మిర్చి శీతల గిడ్డంగులలో, పెద్ద పాల శీతలీకరణ కేంద్రాలలో గొట్టాల వెంట పరుగెత్తి చలి పుట్టించేదీ చాలా చోట్ల అమోనియాయే.

ఒక పాలు నత్రజని, మూడు పాళ్ళు ఉదజని (అనగా హైడ్రోజన్) కలిస్తే అమోనియా. ఈ పాళ్ళు అణువుల లెక్క. బరువు లెక్కలో చూస్తే 100 కిలోల అమోనియాలో ఉదజని 17.6 కిలోలు మాత్రమే. తక్కినదంతా గాలిలో ఊరికే దొరికే నత్రజని. మనం పాలకు లీటరు లెక్కన కాక వెన్నను బట్టి ధర కట్టుకొంటాము గదా. అమోనియాను ఇంధనంగా కొనేవాడు కూడా అలాగే 17.6 శాతం ‘‘వెన్న’’కే ధర కట్టాలి. ఈ ఒక్క సంగతి జ్ఞాపకం పెట్టుకొంటే సగం మోసాలు తప్పుతవి.

పాలు, పాలపొడి

ఉదజనిని మండిస్తే పొగ రాదు, నీళ్ళే వస్తవి. కిలోకు వేడి కూడా అపారం. ఒక కిలో ఉదజనిలో 33 యూనిట్ల శక్తి ఉంటుంది. లీటరు డీజిలులో ఉండేది సుమారు 10 యూనిట్లు. మరి ఉదజనినే తిన్నగా ఎందుకు వాడరాదు? చిక్కంతా దాచుకోవడంలో, మోసుకుపోవడంలో వస్తున్నది. అది అతి తేలికైన వాయువు. ద్రవంగా చేయాలంటే సున్నాకు 253 డిగ్రీలు దిగువకు చల్లబరచాలి. ఆ చల్లబరచడానికే ఉదజనిలో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు ఖర్చవుతుంది. అమోనియా అయితే సున్నాకు 33 డిగ్రీలు దిగువనే ద్రవమవుతుంది. లేదా మామూలు వేడిమిలోనే గట్టి సిలిండరులో ఒత్తిడి పెడితే చాలు. విచిత్రమేమంటే, ఒక ఘనపు మీటరు ద్రవ ఉదజనిలో ఉన్న ఉదజని 71 కిలోలు. అంతే ఘనపు మీటరు చల్లటి ద్రవ అమోనియాలో ఉన్న ఉదజని 120 కిలోలు. అంటే ఉదజనిని మోయడానికి ఉదజని కంటే అమోనియాయే మంచి బండి.

పాడివారికి చెప్పాలంటే ఇది పాలపొడి వ్యవహారం. చలికాలంలో పాలు పొంగి వస్తవి, వేసవిలో తగ్గిపోతవి. పొంగిన పాలను దాచాలంటే నీటిని ఆవిరి చేసి పొడి చేస్తాము. ఒక కిలో పొడికి పది, పదకొండు లీటర్ల వెన్న తీసిన పాలు పడతవి. దానికి తోడు బొగ్గో, పొట్టో, కరెంటో ఖర్చు. దూరదేశం పంపాలన్నా, ఆరు నెలలు దాచాలన్నా ఆ ఖర్చు పెట్టుకోక తప్పదు. కాని పొద్దున పితికిన పాలను అదే ఊళ్ళో కాఫీ హోటలుకు పోయడానికి పొడి చేసి, మళ్ళీ నీళ్ళు కలిపి ఇచ్చేవాడిని ఏమంటాము? కరెంటును ఉదజనిగా, ఉదజనిని అమోనియాగా మార్చి, మళ్ళీ అమోనియాను విడగొట్టి ఉదజని తీసి, దానితో మళ్ళీ కరెంటు పుట్టించడం అటువంటిదే. ఏజెంటు అమ్మజూపిన యంత్రం చేసే పని ఇదే.

ఎక్కడెంత తరుగు పోతుందో చూద్దాము. సూర్యరశ్మి, గాలి, నీటి కరెంటుతో నీటిని విడగొట్టి ఒక కిలో అమోనియా తయారు చేయడానికి సుమారు 10 యూనిట్లు పడుతుంది. ఆ కిలోలో ఉన్న 176 గ్రాముల ఉదజనిలోని శక్తి 5.9 యూనిట్లు. ఇక్కడికే నాలుగు యూనిట్లు పోయినవి. తిరిగి ఉదజని కావాలంటే అమోనియాను 500 డిగ్రీలకు పైగా కాల్చి విడగొట్టాలి. ఆ వేడికి కొంత ఉదజనినే తగలబెట్టాలి, శుద్ధి చేయడంలో మరికొంత పోతుంది. మొత్తం మీద నాలుగో వంతు తరుగు అనుకోవచ్చు. మిగిలినది 4.4 యూనిట్లు. దానిని ఫ్యూయల్ సెల్ అనే పెట్టెలో పెట్టి కరెంటు తీస్తే సగమే చేతికి వస్తుంది. అంటే పది యూనిట్లు పోస్తే రెండుంపావు మిగిలినట్లు. అవే పది యూనిట్లను మంచి బ్యాటరీలో దాస్తే ఎనిమిదిన్నర వరకు తిరిగి వస్తవి.

శుద్ధి అన్నాము గదా, అదీ చిన్న విషయం కాదు. మామూలు ఫ్యూయల్ సెల్‌కు పోయే ఉదజనిలో అమోనియా కోటి పాళ్ళకు ఒక పాలు మించరాదు. కాగిన పాలలో మజ్జిగ చుక్క పడితే ఏమవుతుందో మనకు తెలుసు. ఇక్కడ అంతకంటే చిన్న చుక్కకే లక్షల ఖరీదు పెట్టె పాడవుతుంది.

ఇదంతా ఇవాళ పుట్టిన ఆలోచన కాదు

1943లో బెల్జియం దేశంలో యుద్ధం మూలంగా డీజిలు దొరకక కొన్ని బస్సులను అమోనియాతో, దానికి కాస్త బొగ్గు వాయువు కలిపి నడిపారు. యుద్ధం ముగిసి డీజిలు రాగానే మానుకొన్నారు. 2022లో అమెరికాలో ఒక సంస్థ ట్రాక్టరుకు అమోనియా విడగొట్టే యంత్రం అమర్చి నడిపి చూపింది. 2024లో జపానులో హెకినాన్ బొగ్గు విద్యుత్కేంద్రంలో ఒక యూనిట్లో ఇరవై శాతం అమోనియా కలిపి కాల్చి చూశారు. అక్కడ ఉదజనిగా విడగొట్టకుండా అమోనియానే కాల్చడం గమనించదగ్గది. సింగపూరులో అదే ఏడు ఒక ఓడలో అమోనియా ఇంధనంగా పోసి పరీక్షించారు. అమోనియాకు మంట నిదానం, అంటుకోవడం కష్టం. అందుచేత వేరే ఇంధనం కొంచెం తోడు ఉంచుతారు.

మన దేశం కథ ఇంకా ఆసక్తికరం. నీటిని విద్యుత్తుతో విడగొట్టి అమోనియా చేయడాన్ని ఈనాడు ‘‘హరిత అమోనియా’’ అని కొత్త పేరుతో పిలుస్తున్నారు గాని, 1960ల ఆరంభంలోనే పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారం భాక్రా జలవిద్యుత్తుతో సరిగ్గా ఆ పనే చేసింది. మరి ఎందుకు విడిచిపెట్టవలసి వచ్చింది? బోరుబావులు, పరిశ్రమలు పెరిగి కరెంటుకు గిరాకీ హెచ్చింది. ఒక రైతు మోటారుకు ఇవ్వగల కరెంటును నీటిని విడగొట్టడానికి పోయడం గిట్టుబాటు కాలేదు. 1970ల చివర్లో అక్కడే ఇంధన నూనె నుంచి అమోనియా చేసే ప్లాంటు పెట్టారు, తరవాత సహజవాయువుకు మారారు. మన రామగుండం కర్మాగారం బొగ్గు నుంచి అమోనియా తీయడానికి పుట్టింది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది, సహజవాయువుతో మళ్ళీ 2021లో లేచింది. విజ్ఞానం సరిగా ఉన్నంత మాత్రాన లెక్క కుదురుతుందని అనుకోరాదు. అమోనియా చరిత్ర అంతా చవకైన శక్తి ఎక్కడ దొరికితే అక్కడికి వలసపోవడమే.

ఇప్పుడు మళ్ళీ కరెంటు వైపు ఎందుకు తిరిగింది అంటే, సూర్యుడి కరెంటు చవక అయింది గనుక. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. కాకినాడలో పాత నాగార్జున ఎరువుల ఫ్యాక్టరీ స్థలంలో ఏటా పది లక్షల టన్నుల హరిత అమోనియా తయారు చేయడానికి ఏఎం గ్రీన్ సంస్థ 2024లో తుది పెట్టుబడి నిర్ణయం ప్రకటించింది. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. కాబట్టి కార్యదర్శి కుర్రవాడు పత్రికలో చదివింది వాస్తవమే.

కాని ఆ ఫ్యాక్టరీల గురి మన బల్కు కూలరు మీద లేదు. వాటి సరుకు యూరప్ వంటి చోట్లకు ఓడలలో పోవడానికి, ఎరువుల కంపెనీలకు, రేపు ఓడల ఇంధనానికి. సముద్రం దాటి శక్తిని మోయాలంటే తీగె వేయలేము, బ్యాటరీ మోయలేము. అక్కడ పాలపొడి లెక్క కుదురుతుంది. రేవులలో అమోనియా ట్యాంకులు, ఓడలు ఎన్నో ఏళ్ళుగా ఉన్నవే గనుక కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ.

ఫ్యాక్టరీవారికి మరో తలనొప్పి ఉంది. అది మన కూలరు తలనొప్పి లాంటిదే. రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టి ఏడు వందల లీటర్లే వస్తే లీటరు మీద ఖర్చు ఎంత పెరుగుతుందో పాలకవర్గాలకు తెలుసు. సూర్యుడు పగలు కొన్ని గంటలే గదా. నీటిని విడగొట్టే కోట్ల ఖరీదు యంత్రం మిగతా వేళ ఖాళీగా కూర్చుంటే కిలో అమోనియా ధర చుక్కలంటుతుంది. అందుకే పగటి కరెంటుతో నీటిని పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే పిన్నాపురం వంటి కేంద్రాలను నంద్యాల జిల్లాలో కట్టారు. కరెంటు యూనిట్ మూడు రూపాయలకు దొరికితే కిలో అమోనియాలో కరెంటు ఖర్చే ముప్పై రూపాయలు. ఐదు రూపాయలైతే యాభై. తక్కిన ఖర్చులన్నీ దాని మీద. ధరను నిర్ణయించేది కరెంటే.

ఇక సంఘం లెక్క

2025 జూలైలో కేంద్ర సంస్థ సెకీ నిర్వహించిన వేలంలో, ఒడిశాలోని పారాదీప్ ఎరువుల ఫ్యాక్టరీకి హరిత అమోనియా సరఫరా చేయడానికి కిలో 55 రూపాయల 75 పైసల ధర పలికింది. అంతకు ముందటి ఏడు జర్మనీవారి వేలంలో పలికిన ధర కిలో సుమారు 100 రూపాయలు. అంటే ఒక్క ఏడాదిలో దాదాపు సగానికి వచ్చింది. దీనిని తక్కువ చేసి చెప్పరాదు. సహజవాయువుతో చేసే మామూలు అమోనియా ఆ సంవత్సరం మార్చిలో టన్ను 515 డాలర్లు, అనగా కిలో సుమారు 44 రూపాయలు. తేడా పదకొండు, పన్నెండు రూపాయలకు దిగింది.

ఆ 55.75 రూపాయలకే అమోనియా మన సంఘం గుమ్మం ముందుకు వచ్చిందనే అనుకొందాము. నిజానికి అది వేల టన్నులు కొనే ఫ్యాక్టరీకి, ప్రభుత్వ ప్రోత్సాహం కలిపి వచ్చిన ధర. సిలిండరులో నింపి లారీలో పర్చూరు తెస్తే అలా రాదు. అయినా ఏజెంటుకు అనుకూలంగానే వేద్దాము. కిలోకు రెండుంపావు యూనిట్లలోపు వస్తుంది గనుక (2.2 అని వేశాము) కరెంటు యూనిట్ ఇంధన ఖర్చు 25 రూపాయలు. డీజిలు లీటరు 97 రూపాయలనుకొని, జనరేటరు లీటరుకు 3.3 యూనిట్లు ఇస్తే యూనిట్ 29 రూపాయలు. ఏజెంటు ఈ ఒక్క వరస చూపించి ‘‘చూశారా!’’ అన్నాడట. ఇక్కడితో ఆగితే అతను చెప్పింది నిజమే.

మేము డీజిలు రిజిస్టరు తెప్పించాము. ఆ సంఘం పూటకు సుమారు వెయ్యి లీటర్ల పాలు చల్లబరుస్తుంది. 35 డిగ్రీల పాలను 4 డిగ్రీలకు దించాలంటే తీసివేయవలసిన వేడి 35 యూనిట్ల దాకా ఉంటుంది. కంప్రెసరు తినే కరెంటు దానిలో రెండున్నరో వంతు, అనగా 14 యూనిట్లు. డీజిలైతే నాలుగుంపావు లీటర్లు, 410 రూపాయలు. అమోనియాతో 355. పూటకు ఆదా 55 రూపాయలు. గత సంవత్సరం పాల వేళకు కరెంటు పోయి జనరేటరు నడపవలసి వచ్చిన పూటలు ఎన్నని లెక్కించగా 60 తేలినవి. సంవత్సరానికి ఆదా 3,300 రూపాయలు. యంత్రం ఖరీదు 14 లక్షలు.

కార్యదర్శి కాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘‘అమోనియా ఇంకా చవకైతే సార్?’’ అన్నాడు. మంచి ప్రశ్నే. సున్నా చేద్దాము. కాకినాడ వారు మన మీద ప్రేమ పుట్టి ఉచితంగా పంపుతున్నారనుకొందాము. అప్పుడు ఏడాదికి మిగిలేది మొత్తం డీజిలు ఖర్చు, అనగా పాతిక వేలకు కాస్త లోపు. 14 లక్షలు తిరిగి రావడానికి దాదాపు 57 సంవత్సరాలు పడుతుంది. అడ్వాన్సుగా ఇవ్వజూపిన 4 లక్షలను సహకార బ్యాంకులో డిపాజిట్ చేసి ఆరున్నర శాతం వడ్డీ తెచ్చుకొన్నా ఏడాదికి 26 వేలు వస్తవి. ఆ వడ్డీతోనే సంవత్సరపు డీజిలు వస్తుంది, అసలు అలాగే ఉంటుంది.

అధ్యక్షులవారు తువాలుతో ముఖం తుడుచుకొన్నారు. పెద్దావిడ క్యాను ఎత్తుకొని, ‘‘ఇంత సేపు పట్టిందా ఈ మాటకు’’ అనుకుంటూ వెళ్ళిపోయింది.

యంత్రం ఇరవై నాలుగు గంటలూ నడిచే చోట ఈ లెక్క మారుతుందని గమనించగలరు. ఖరీదైన పెట్టెను రోజుకు గంట నడిపేవాడికి అది భారం. అందుచేతనే ఓడలవారు, విద్యుత్కేంద్రాలవారు దీనిని ఆలోచించగలరు, గ్రామ సంఘం ఆలోచించలేదు.

వాసనతో ఆటలు వద్దు

రూపాయల లెక్క కుదిరినా మరొకటి ఉంది. అమోనియా గాలిలో పది లక్షల పాళ్ళకు 25 పాళ్ళు మించిన చోట ఎనిమిది గంటలు పనిచేయరాదని నియమం. 300 పాళ్ళకు చేరితే ప్రాణాపాయం. కళ్ళు, గొంతు, ఊపిరితిత్తులు దెబ్బతింటవి. 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర ఒక పాల డెయిరీలో అమోనియా లీకై పలువురు కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. అంతకు రెండు నెలల ముందు నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో ఇటువంటి ప్రమాదంలోనే ఒకరు చనిపోయారు. అవి శిక్షణ పొందిన ఆపరేటర్లు, ముసుగులు, నీటి గొట్టాలు ఉండవలసిన పెద్ద కర్మాగారాలు. మన సంఘం గదిలో తెల్లవారుజామున ఉండేది వెన్న పరీక్ష చేసే కుర్రవాడు, పాలు పోయడానికి పిల్లను చంకనెత్తుకొని వచ్చే తల్లులు. మంచి గుణం ఒకటున్నది: చాలా కొద్దిగా లీకైనా ఘాటు వాసన ముందే చెబుతుంది. వాసన వస్తే గాలికి ఎదురుగా, లేదా అడ్డంగా, బయటకు పోవాలి. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవాలి. అమోనియా నీటిలో త్వరగా కరుగుతుంది గనుక కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. శీతలీకరణ కేంద్రానికి పాలు తోలే డ్రైవర్లకు ఈ నాలుగు మాటలు కార్యదర్శులు తప్పక చెప్పాలి.

మన బస్తా మాటేమిటి?

మన నల్లరేగడి సభ్యులకు అమోనియా అంటే మొదట ఎరువు, తరవాతే ఇంధనం. పత్తి, మిరప వేసేవారికి ఇది చాలా దగ్గరి విషయం. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 26 కిలోల అమోనియా దాగి ఉంది. హరిత అమోనియా ధర వేస్తే ఆ అమోనియా ఒక్కటే 1,450 రూపాయలు. మామూలు అమోనియా అయితే 1,140. మనం బస్తాకు చెల్లించేది 266 రూపాయల 50 పైసలు. తక్కినదంతా సబ్సిడీగా ప్రభుత్వం భరిస్తున్నది. రెండు రకాల అమోనియాల నడుమ బస్తాకు తేడా 300 రూపాయల పైచిలుకు. అంటే మనం చెల్లించే ధర కంటే ఎక్కువ. ఆ తేడా ఎవరు భరిస్తారన్నది రేపటి ప్రశ్న.

యూరియా చేయడానికి అమోనియాతో పాటు బొగ్గుపులుసు వాయువు కూడా కావాలి. సహజవాయువు ప్లాంటులో అది పక్కనే దొరుకుతుంది, నీటిని విడగొట్టే ప్లాంటులో దొరకదు. కనుక ప్రభుత్వం హరిత అమోనియాను ముందుగా డీఏపీ, కాంప్లెక్సు ఎరువుల ఫ్యాక్టరీలకు పంపుతున్నది. 50 కిలోల డీఏపీ బస్తాలో అమోనియా 11 కిలోలే; తేడా 125 రూపాయల చిల్లర. ఇది తెలివైన వరుస అని మా అభిప్రాయం. అమోనియాను అమోనియాగా వాడేచోట విడగొట్టే తరుగు లేదు, ఫ్యూయల్ సెల్ ఖర్చు లేదు. పైగా 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల విదేశీ అమోనియా టన్ను వెయ్యి డాలర్లు దాటినప్పుడు ఎరువుల కంపెనీలు పడిన అవస్థ మనం చూశాము. పదేళ్ళ పాటు మారని ధరకు మన రేవులోనే దొరికితే ఆ నిలకడకు కొంత విలువ కట్టవచ్చు.

కాని ఓడల వారు, విదేశాల వారు ఇంధనంగా దీనికి ఎక్కువ ధర ఇవ్వజూపిన నాడు, మన ఎరువుకు మిగిలేదెంత? పత్తిగింజలు మనకు ఒకప్పుడు గేదెల దాణా మాత్రమే. నూనె మిల్లులు పెరిగిన తరవాత గింజ ధర ఏమయిందో, పత్తిచెక్క కొనే సభ్యులను అడిగితే చెబుతారు. ఒకే సరుకుకు ఇద్దరు కొనుగోలుదారులు తయారైతే డబ్బున్నవాడి మాట చెల్లుతుంది. సమాఖ్యలు ఈ విషయం మీద ఇప్పటి నుంచే కన్ను వేసి ఉంచాలి.

మా తప్పు ఒకటి

ఇంత లెక్క చెబుతున్న మేము కూడా ఒకసారి రంగుల కాగితం చూసి బోల్తా పడినవాళ్ళమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంఘానికి, క్యానులు కడగడానికి వేడినీళ్ళిచ్చే సౌర యంత్రం కొనమని సిఫారసు రాశాము. సూర్యుడికి కొదవ లేదు గదా అనుకొన్నాము. ఆ ఊరి బోరు నీళ్ళ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. పద్నాలుగు నెలలకు గొట్టాలన్నీ సున్నంతో పూడిపోయినవి. అమ్మినవారు మళ్ళీ కనబడలేదు. ఆ డొక్కు చాలా ఏళ్ళు సంఘం డాబా మీదే ఉండి, మేము తనిఖీకి వెళ్ళినప్పుడల్లా మమ్ములను చూస్తూ ఉండేది. అప్పటి నుంచి ఏ యంత్రం కాగితం వచ్చినా మేము మొదట అడిగేది మూడే: ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుంది, పాడైతే ఎవరు ఎన్నాళ్ళలో వస్తారు, ఇప్పుడు ఆ పనికి అయ్యే ఖర్చు పుస్తకం ప్రకారం ఎంత. ఇప్పుడు నాలుగోది కూడా కలిపాము, నీళ్ళెటువంటివి అని.

మరి కరెంటు పోయినప్పుడు పాలు విరగకుండా ఏం చేయాలి? చలిని దాచుకోవచ్చు. కరెంటు ఉన్న వేళ కంప్రెసరు నడిపి మంచు గడ్డకట్టించే ఐస్ బ్యాంకు ట్యాంకు పెద్ద డెయిరీలకు కొత్త కాదు. వెయ్యి లీటర్ల పాలకు కావలసిన చలి సుమారు 370 కిలోల మంచులో ఉంటుంది. కారుదల కలుపుకొని 450 కిలోలు అనుకొంటే, పాల వేళకు కరెంటు లేకపోయినా చిన్న పంపుతో చల్లటి నీళ్ళు తిప్పితే సరిపోతుంది. ఇది కూడా పూటల లెక్క చూసే కొనాలి. ఏడాదికి అరవై పూటలే అయితే ఉన్న జనరేటరుకు ఆయిలు మార్చి, బ్యాటరీ సరిచూసుకొని నడుపుకోవడమే చవక.

ఆ సంఘం వారు పెన్సిలు ముసాయిదా కొట్టివేశారు. దాని కింద, భవన నిధిలోని 4 లక్షలను సహకార బ్యాంకులో ఒక సంవత్సరం డిపాజిట్ చేయాలని, నిలిపివేసిన బోనసు విషయం వచ్చే మహాజన సభ ఎజెండాలో మొదటి అంశంగా పెట్టాలని కొత్త తీర్మానం రాశారు. ఈసారి పెన్నుతోనే రాశారు. కార్యదర్శి కుర్రవాడు అరవై పూటలనూ తేదీల వారీగా వేరే కాగితం మీద ఎక్కిస్తున్నాడు. వాటిలో నలభైకి పైగా ఏప్రిల్, మే నెలల సాయంత్రం పూటలే అని తేలింది. సబ్‌స్టేషను వారితో మాట్లాడడానికి ఆ కాగితం పట్టుకొని అధ్యక్షులవారు మార్టూరు వెళ్ళవలసి ఉంది.